పుట్ట తాగిన పాలు

కుందనపురి అనే రాజ్యం ఒకటి ఉండేది. అది ఏ దిక్కున ఉండేదని అడిగితే నేను చెప్పలేను గానీ, అక్కడి రాజుగారి సంగతి అడిగితే మాత్రం పొద్దుగూకేదాకా చెప్పగలను. ఆయన పేరు మకుటవర్మ. మనసు చెడ్డది కాదు. కాకపోతే పొగడ్త అంటే చెవి కోసుకునేవాడు. తన వల్ల కూడా పొరపాటు జరగవచ్చన్న ఆలోచన ఆయనకు పుట్టలేదు, పుట్టబోయినా చుట్టూ ఉన్నవాళ్లు పుట్టనివ్వలేదు.

ఆ చుట్టూ ఉన్నవాళ్లలో ముందు వరసలో నిలబడేవాడు మంత్రి ఉద్దండభట్టు. రాజుగారు తుమ్మితే ఆ తుమ్ములో రాగం వినిపించిందనేవాడు. ఆయన వెనక ఎక్కడో స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు తిప్పన్న, కొలువులో విదూషకుడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. నవ్విస్తూ నవ్విస్తూ మధ్యలో కాస్త నిజం కలిపేవాడు. అందుకే మంత్రికి అతన్ని చూస్తే కడుపులో మంట.

కోటకు కాస్త దూరంలో ఒక చెరువు ఉండేది. దాన్ని మకుటవర్మ తాతగారు తవ్వించాడు. పేరు రాజసముద్రం. పేరుకే సముద్రం, ఈ ఒడ్డున నిలబడి పిలిస్తే ఆ ఒడ్డువాడు పలుకుతాడు. దానికి అడ్డంగా మట్టికట్ట. కట్టకు దిగువన కట్టకిందపల్లి అనే చిన్న ఊరు, ఆ ఊరి ఇళ్లు, వరిమళ్లు. చెరువులో నీళ్లున్నంత కాలం ఆ ఊళ్లో అన్నానికి లోటు లేదు.

కట్ట నడిమధ్యన, నీటి వైపు భుజం మీద, మనిషెత్తు పుట్ట ఒకటి లేచింది. మామూలు కట్ట మీద చెదపుట్ట లేస్తే తవ్వి పారేసి, గుంట పూడ్చి, మన్ను గట్టిపడేలా దిమ్మిస కొడతారు. కానీ ఒక ఏడాది నాగుల చవితికి రాజుగారు ఆ పుట్టలో పాలు పోసి, మర్నాడు వేటలో పెద్దపులిని కొట్టాడు. అంతే, ఆ పుట్టలోని నాగరాజే తన వంశాన్ని కాపాడుతున్నాడని తీర్మానించాడు. ఆ దరిదాపుల్లో పలుగు పార కనబడితే చేతులు నరికిస్తానన్నాడు. దాంతో పుట్ట పెరిగింది, పుట్ట చుట్టూ ముళ్లకంప పెరిగింది, ఆ కంపలో పందికొక్కులు కాపురాలు పెట్టాయి. పాము ఉందో లేదో ఎవరూ చూడలేదు.

ఇక కట్ట బాగోగులు చూసే బాధ్యత ఎవరిదంటారా, ఉద్దండభట్టుదే. ఏటా వానలు ముదిరే ముందు ఆయన కట్టను పరీక్షించేవాడు. ఆ పరీక్ష చూడాలంటే కళ్లు చాలవు. ముందు బాజాలు, వెనక గొడుగులు, మధ్యలో పల్లకీ. పల్లకీలో మంత్రి, మంత్రి ఒళ్లో వెండిగిన్నె నిండా పాయసం. కట్ట ఈ కొసన ఎక్కి ఆ కొసన దిగేలోగా పాయసం ఒలక్కపోతే కట్ట గట్టిగా ఉన్నట్టు లెక్క. బోయీలకు కూడా ఆ సంగతి తెలుసు కాబట్టి అడుగులో అడుగేసి నడిచేవారు. పాయసం ఎప్పుడూ ఒలకలేదు. పరీక్ష అయ్యాక దాన్ని మంత్రిగారే తాగేవాడు.

ఆ ఏడు కూడా పాయసం నిలిచింది. కట్ట వజ్రంలా ఉందని మంత్రి కొలువులో ప్రకటించాడు. ఆ మాట అలా పూర్తయిందో లేదో, ద్వారం దగ్గర అలికిడైంది. కట్టకిందపల్లి నుంచి ఒక ముసలామె వచ్చింది. పేరు ఓబులమ్మ. కట్టకు ఆనుకునే ఆమె ఇల్లు, ఇంటి వెనకే పెరడు, పెరటి వెనకే కట్ట.

"సామీ, ఆ కట్ట ఈ తూరి నిలబడేటట్టు లేదు," అంది ఆమె రాజుకు దండం పెట్టి. "సెరువు నిండినకాడి నుంచి మా పెరట్లో ఊట పుట్టింది. ముందర తేటగా వస్తా ఉండె. ఇప్పుడు ఎర్రగా వస్తాంది."

మకుటవర్మ కనుబొమలు ముడిపడ్డాయి. మంత్రి ముందుకొచ్చాడు.

"మహాప్రభూ, చూశారా ఈమె కృతఘ్నత? జనం నీళ్ల కోసం బావులు తవ్వుకుంటారు. తమరి దయవల్ల ఈమె పెరట్లోకి నీళ్లే నడిచివచ్చాయి. దానికి ఫిర్యాదు."

"నీళ్లొస్తే ఎవురు ఫిర్యాదు సేస్తారు సామీ?" అంది ఓబులమ్మ. "నీళ్లతో మన్ను వస్తాంది. ఆ మన్ను యాడనుంచి వస్తాదో తమరే సెప్పండి. ఇంకో వాన పడితే మా ఊరు ఉండదు. మా కోడలు నెలలు నిండి ఉండాది. పారిపొమ్మంటే యాడికని పోతాది?"

"ఆ కట్ట మా తాతగారు కట్టించింది," అన్నాడు రాజు. "దానికి మచ్చ అంటే మా తాతగారికి మచ్చ. దానిమీద మా నాగరాజు కాపలా ఉన్నాడు. ఇంక దానికేం భయం?"

"దండన విధించవలసిందే," అన్నాడు మంత్రి. "కట్ట పాడైందని ఈమె రుజువు చేయాలి. లేదా ఇల్లూ పొలమూ ఒప్పగించి రాజ్యం విడిచి వెళ్లాలి. రుజువు పేరుతో కట్టకు పలుగు తగిలించకూడదు. పుట్ట మీద మట్టిబెడ్డ కూడా కదపకూడదు."

కట్టను తవ్వకుండా కట్ట లోపల ఏముందో చూపించాలన్నమాట. కొలువులో కొందరు తలలు దించుకున్నారు, కానీ తల దించుకోవడం వల్ల ఎవరికి ఏం ఒరిగింది గనక.

అప్పుడు తిప్పన్న స్తంభం వదిలి ముందుకొచ్చాడు. "మహారాజా, నాగుల చవితి దగ్గర్లోనే ఉంది. గడువు ఆ రోజుదాకా ఇప్పించండి. అవ్వ తరఫున రుజువు నేను చూపిస్తాను. చూపించలేకపోతే అవ్వతోపాటు నేనూ రాజ్యం విడిచి వెళ్తాను."

"నువ్వెందుకు పోవడం?" అన్నాడు రాజు ఆశ్చర్యపోయి.

"ముసలామె, దూరప్రయాణం. దారిలో కబుర్లు చెప్పేవాడు ఒకడుండాలి కదా మహారాజా."

రాజు నవ్వాడు. గడువు దొరికింది. మంత్రి మాత్రం లోలోపల ఎగిరి గంతేశాడు. ఒక్క దెబ్బకు ఇద్దరి పీడా వదులుతుందని ఆయన సంబరం.

తిప్పన్న నేరుగా ఓబులమ్మ పెరట్లోకి వెళ్లాడు. కట్ట అడుగున, గడ్డి మధ్యలో, చేతి వేలు దూరేంత సందులోంచి నీళ్లు ఊరుతున్నాయి. దోసిట పట్టి చూశాడు. అడుగున ఎర్రమన్ను పేరుకుంది. అక్కడి నుంచే తలెత్తి చూశాడు. సరిగ్గా నెత్తి మీద, కట్ట అంచున, ముళ్లకంప కొసలు కనిపించాయి. ఆ కంప వెనకే పుట్ట.

గట్టెక్కి చూస్తే చెరువు నీళ్లు పుట్ట మొదలుకు బెత్తెడు దూరంలో ఉన్నాయి. గాలికి అల లేచినప్పుడల్లా పుట్ట మొదలు తడుస్తోంది. పైనున్న పుట్ట కన్నానికీ కింద ఊరే సందుకూ మధ్య దారి పడిందని అతనికి అనుమానం వచ్చింది. ఇంకో గట్టి వానకు నీళ్లు ఆ బెత్తెడూ ఎక్కితే చెరువు చెరువంతా ఆ దారి పడుతుంది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఆ కాసేపు నవ్వలేదు.

"ఏం జేస్తావు సామీ?" అంది ఓబులమ్మ. "పలుగు పెట్టగూడదు, పార పెట్టగూడదు అనిరి. నాతోపాటు నువ్వు గూడా అగసాట్లు పడాల్సి వచ్చె."

"పలుగు మనం పెట్టొద్దవ్వా. రాజుగారి చేత్తోనే పని కానిద్దాం. నువ్వు మాత్రం పెరడంతా శుభ్రంగా అలికి, ముగ్గేసి పెట్టు. చవితినాడు రాజుగారు నీ ఇంటికి భోజనానికి వస్తారు."

ముసలామె అతనికి మతి చలించిందేమోనన్నట్టు చూసింది.

మర్నాడు రాజుగారు తాంబూలం వేసుకుని సంతోషంగా ఉన్న సమయం చూసి తిప్పన్న దగ్గరకు చేరాడు.

"మహారాజా, నాదొక సందేహం. నాగుల చవితికి కుమ్మరి పాలు పోస్తాడు, చాకలి పాలు పోస్తాడు, తమరూ పోస్తారు. అన్నీ తెల్లటి పాలే. అందులో మహారాజు పాలు ఏవో నాగరాజు ఎలా గుర్తుపడతాడు?"

రాజు నములుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఇన్నేళ్లూ ఈ సంగతి తనకు తట్టలేదు.

"పైగా అందరూ చిన్న గిన్నెతో పోస్తారు, తమరూ గిన్నెతోనే పోస్తున్నారు. మిగతావాళ్లకూ తమకూ తేడా ఏముంది? కడవలతో పోయాలి. పాలలో పసుపు కలిపి బంగారు రంగు తెప్పించాలి. చూసినవాడెవడైనా ఇవి మకుటవర్మ మహారాజు పాలు అని తెలుసుకోవాలి."

"భేష్," అన్నాడు రాజు.

"ఇంకొక్క మాట. కట్ట కూలుతుందని ఓబులమ్మ ఊరంతా చాటింది. పూజ కాగానే తమరు ఆమె పెరట్లోనే, కట్ట కిందనే సింహాసనం వేయించుకుని భోంచేస్తే? మహారాజే కట్ట కింద నిశ్చింతగా కూర్చున్నాడని లోకమంతా చూస్తుంది. ఇక కట్ట గురించి ఎవడూ నోరెత్తడు."

మంత్రి ఉద్దండభట్టు ఈ మాటలు విన్నాడు. ఎక్కడో మెలిక ఉందనిపించింది గానీ ఎక్కడుందో అందలేదు. కట్ట వజ్రమని తనే అన్నాడు కాబట్టి దాని కింద కూర్చోవద్దని రాజుకు చెప్పడానికీ లేదు. "దివ్యమైన ఆలోచన," అని ఊరుకున్నాడు.

చవితి రోజు వచ్చింది. కట్ట మీద ఇసకేస్తే రాలనంత జనం. పుట్ట ముందు చలిమిడి, చిమ్మిలి, పూలు. పక్కన వరసగా పసుపు పాల కడవలు. మకుటవర్మ పట్టుపంచె కట్టి, కిరీటం తీయకుండానే, పుట్ట కన్నంలో పాలు వంచాడు.

మామూలు పుట్టలో గిన్నెడు పాలు పోస్తే నిండి పైకి పొంగుతాయి. ఇక్కడ కడవ ఖాళీ అయింది, చుక్క పైకి రాలేదు. రాజు మొహం వెలిగిపోయింది.

"తాగేస్తున్నాడు," అన్నాడు.

"నాగరాజుకు ఇంత దాహం ఎవరి పాలకూ పుట్టలేదు ప్రభూ," అన్నాడు మంత్రి. ఇంకో కడవ వంచారు. అదీ పోయింది. మరొకటి, దాని వెనక ఇంకొకటి. లోపల ఎక్కడో గుడగుడమని చప్పుడైంది.

"విన్నారా, త్రేన్చాడు," అన్నాడు మంత్రి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని.

"ఇంకా ఆకలి తీరినట్టు లేదు మహారాజా," అంటూ తిప్పన్న మరో కడవ అందించాడు. రాజుగారికి భుజాలు లాగుతున్నా, చెమటలు కారుతున్నా, ఆపడానికి మనసొప్పలేదు. తన భక్తికి ఇంత ఆదరణ దొరికితే ఎవరు మాత్రం ఆపుతారు. ఉన్న కడవలన్నీ అయిపోయాకే నడుం ఎత్తాడు.

అక్కడి నుంచి మేళతాళాలతో ఊరేగింపు కట్ట దిగి ఓబులమ్మ పెరట్లోకి వచ్చింది. అలికిన నేల మీద తెల్లటి తివాచీ, తివాచీ మీద సింహాసనం, ముందు అరిటాకు. రాజు కూర్చున్నాడు. మంత్రి పక్కన నిలబడ్డాడు. ఓబులమ్మ ఆకులో అన్నం పెట్టింది. ఆమె కోడలు గుమ్మం దగ్గర కడుపు పట్టుకుని నిలబడి చూస్తోంది.

"ఏదమ్మా నీ ప్రమాదం?" అన్నాడు రాజు ముద్ద కలుపుతూ. "ఇక్కడ ఇంత హాయిగా ఉంటే ఊరంతా భయపెట్టావు."

ఓబులమ్మ తిప్పన్న వైపు చూసింది. తిప్పన్న నేల వైపు చూస్తున్నాడు.

మొదట వచ్చింది ఓబులమ్మ మేకపిల్ల. బంధువు ఇంటికి వచ్చినట్టు సైనికుల కాళ్ల మధ్యనుంచి దూరి వచ్చి, తివాచీ అంచు నాకడం మొదలుపెట్టింది. ఎవరో అదిలించారు, పోలేదు. తర్వాత ఒక పిల్లి వచ్చింది. అదీ నాకుతోంది. రాజు కిందికి చూశాడు. తెల్లటి తివాచీ మీద పసుపు మరక ఒకటి మెల్లగా పాకుతూ ఆయన పాదాల దగ్గరికి వస్తోంది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మేళం ఆగిపోయింది. కట్ట అడుగు సందులోంచి పాలు సన్నటి ధారగా కారుతున్నాయి. పసుపు కలిపిన పాలు. రాజ్యంలో ఇంకెవ్వరూ పోయని పాలు.

తిప్పన్న చేతులు కట్టుకుని అన్నాడు. "మహారాజా, నాగరాజు నిజాయితీపరుడు. తమరు పోసినవి పోసినట్టే తిరిగి ఇస్తున్నాడు."

మంత్రికి చెమటలు పట్టాయి. అయినా మంత్రి పదవి ఊరికే రాదు. "మహిమ ప్రభూ, మహిమ," అంటూ చేతులెత్తాడు. "నాగరాజు తాగిన పాలను తమకు ప్రసాదంగా పంపుతున్నాడు. ఇలాంటి భాగ్యం ఏ రాజుకు దక్కింది?"

రాజు మొహంలోకి మళ్లీ రంగొచ్చింది. మహిమ అనే మాట ఆయనకు ఇష్టమైన మాట. జనం కూడా గుసగుసలాడుతూ దండాలు పెట్టబోయారు. ఒక్క క్షణంలో అంతా చేజారిపోయేటట్టుంది.

"ప్రసాదమైతే తీసుకోకపోవడం పాపం," అన్నాడు తిప్పన్న నింపాదిగా. ఒక వెండిగిన్నె తెచ్చాడు. మంత్రిగారు పాయసం పరీక్షకు వాడే గిన్నె అది. ధార కింద పెట్టి నింపి మంత్రికి అందించాడు. "కట్ట పరీక్ష చేసే అధికారం తమది. ముందు తమరే సేవించాలి."

తప్పించుకునే దారి లేదు. మంత్రి కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాడు. ఆయన మొహం ఎన్ని వంకరలు తిరిగిందో చెప్పడం నా వల్ల కాదు. నోట్లో కరకరమంది. ఉమ్మలేక, మింగలేక నిలబడిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు రాజు.

"మట్టి ప్రభూ," అన్నాడు మంత్రి పళ్ల మధ్య నుంచి.

తిప్పన్న గిన్నె తీసుకుని రాజు ముందు నెమ్మదిగా వంచాడు. పాలు పోయాయి. గిన్నె అడుగున మందంగా ఎర్రమన్ను మిగిలింది.

"మహారాజా, కట్ట మీద తమరు పోసిన పాలలో మన్ను లేదు. మేమంతా చూశాం. కింద చేరేసరికి మన్ను కలిసింది. ఈ మన్ను తమ తాతగారిది. ఆయన తట్టలు మోయించి, దిమ్మిస కొట్టించి నిలబెట్టిన కట్టది. తమరు ఒక్కో కడవ పోసినప్పుడల్లా తాతగారి కట్ట కొంచెం కొంచెంగా ఈ అవ్వ పెరట్లోకి వచ్చి పడింది. కడవలతో పోస్తేనే ఇంత వచ్చింది. అవతల చెరువుంది. అది ఈ దారి పట్టడానికి ఇంకో బెత్తెడు ఎక్కితే చాలు."

మకుటవర్మ మెల్లగా తలెత్తాడు. ఇన్నేళ్లూ ఆయన కట్టను పైనుంచే చూశాడు. పైనుంచి చూస్తే అది చక్కటి బాట. ఇప్పుడు కింద కూర్చుని చూస్తే నెత్తి మీద గోడ, ఆ గోడ వెనక నీళ్లు, గోడలో కన్నం. తూర్పున నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది. ఆ మబ్బును కూడా ఆయన అప్పుడే చూశాడు.

రాజు చూపు గుమ్మంలో నిలబడ్డ నిండు గర్భిణి మీద పడింది. అక్కడే ఆగింది.

"మేము లేచి వెళ్లిపోగలం," అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. "వీళ్లు వెళ్లలేరు."

ఆ మాట రాజు నోట వస్తుందని తిప్పన్న కూడా అనుకోలేదు. అతనికి కళ్లు చెమర్చాయి. రాజును నవ్వించేవాడు ఏడిస్తే బాగుండదని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కానీ పుట్ట," అన్నాడు రాజు. "నాగరాజు ఇంటిని తవ్వమంటావా?"

"పైకప్పు నుంచి నేల దాకా పాలు కారే ఇంట్లో ఎవరు కాపురముంటారు మహారాజా? ఉంటే గింటే ఆయన ఎప్పుడో మకాం మార్చేసి ఉంటాడు. ఆ పుట్టమన్ను గౌరవంగా ఎత్తి తమ ఉద్యానవనంలో పెట్టించండి. వంశాన్ని కాపాడే దేవుడు వంశం ఉన్న చోట ఉండాలి గానీ, ఇంత దూరంలో దేనికి?"

రాజు నవ్వాడు. ముందు కొంచెంగా, తర్వాత తన పసుపు పాదాలు చూసుకుని, మంత్రి మొహం చూసి, కిరీటం జారిపోయేంతగా నవ్వాడు. జనం కూడా నవ్వారు. అంతసేపూ బిగపట్టుకున్న ఊపిరి అది.

నవ్వు ఆగకముందే పనులు మొదలయ్యాయి. తూము ఎత్తి చెరువు నీళ్లు తగ్గించారు. పుట్టకు హారతిచ్చి, మన్ను బండికెత్తారు. కింద తవ్వితే పందికొక్కుల బొక్కలు కట్ట లోపల సందులు సందులుగా సాగి ఉన్నాయి, పాము కుబుసం కూడా దొరకలేదు. పాడైన మట్టినంతా తీసి, బంకమన్ను తెచ్చి, పొర మీద పొర వేసి దిమ్మిసలతో కొట్టారు. రాజు కిరీటం పక్కన పెట్టి మొదటి తట్ట తనే ఎత్తాడు. రాజే ఎత్తాక మంత్రికి తప్పుతుందా. ఆయన తట్ట కింద అడుగు తడబడి మన్ను ఒలికినప్పుడల్లా పల్లకీ బోయీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అదృష్టం కొద్దీ చవితినాటి మబ్బు తేలిపోయింది. పని ముగిసిన వెంటనే మాత్రం వాన దిగింది. ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురిసింది. కట్టకిందపల్లి జనమంతా కట్ట మీదే కాపలా కాశారు. వాన వెలిసి తెల్లవారేసరికి రాజసముద్రం నిండుగా తొణికిసలాడుతోంది, ఓబులమ్మ పెరడు పొడిగా ఉంది. ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆమె కోడలు ఆడపిల్లను కన్నది. ఓబులమ్మ కట్ట మీద నిలబడి, ఊరికంతటికీ వినబడేలా ఆ సంగతి చెప్పింది.

మకుటవర్మ నిండు కొలువులో ఓబులమ్మను కూర్చోబెట్టి పట్టుచీర పెట్టాడు. ఆమె ముందు తల వంచి, నీ మాట విననందుకు మన్నించమన్నాడు. తర్వాత తన చేతి కంకణం తీసి తిప్పన్నకు తొడిగాడు. "ఇది కాక ఇంకా ఏదైనా కోరుకో," అన్నాడు.

"నాకేమీ వద్దు మహారాజా. కోరిక మంత్రిగారి తరఫున ఉంది."

ఉద్దండభట్టు ఉలిక్కిపడ్డాడు.

"పాపం ఏటా పల్లకీ, బాజాలు, పాయసం. పెద్దాయనకు శ్రమ. ఆయన భవనాన్ని కట్టకిందపల్లికి మార్పించండి. ఓబులమ్మ ఇంటిపక్కనే ఖాళీ స్థలముంది. ఆయన అక్కడ పడుకుంటే చాలు, కట్ట పరీక్ష దానంతటదే అవుతుంది."

రాజు ఈసారి సింహాసనం మీద కూర్చోలేనంతగా నవ్వాడు. నవ్వుతూనే ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ తర్వాత రాజసముద్రం కట్టంత భద్రమైన కట్ట చుట్టుపక్కల రాజ్యాల్లో లేదని పేరొచ్చింది. రోజూ పొద్దున్నే, పల్లకీ లేకుండా, చేతికర్ర పట్టుకుని ఒక పెద్దాయన కట్ట పొడవునా నడుస్తూ కనబడేవాడు. ఎండ్రకాయ బొరియ కనబడినా వంగి చూసేవాడు, చెదపురుగు కనబడినా మనుషుల్ని కేకేసేవాడు. ఓబులమ్మ తన పెరట్లోంచి ఆయన్ని చూసి, "మంత్రిగారూ, ఊట రాలేదులే, ఇంటికి పోయి పండుకోండి," అనేది. ఆయన మాత్రం ఇంకొకసారి చూసుకునే వెళ్లేవాడు.